ఆటోనగర్‌లో పొదుపు సంఘం పెట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది: అప్పిచ్చేది ఎవరి డబ్బు?

మీ ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది కాబట్టి ముందు క్లుప్తంగా రాస్తున్నా. విజయవాడ ఆటోనగర్‌లో లేతు, డెంటింగ్, పెయింటింగ్, ఎలక్ట్రికల్ పనులు చేసుకునేవాళ్లు నలభై మంది ఉన్నారు. అవసరం పడితే నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంటున్నారు, కొందరు చిట్టీలు వేస్తున్నారు, ఇక సొంతంగా ఒక సహకార పొదుపు పరపతి సంఘం పెట్టుకుందామనే ఆలోచనకు వచ్చారు. ఈలోగా మీకు తెలిసిన ఒకాయన, మల్టీ స్టేట్ సొసైటీ, అంటే ఒకటికి మించిన రాష్ట్రాల్లో నడిచే సహకార సంఘం, పెట్టేద్దాం, ఏజెంట్లతో బయట డిపాజిట్లు కట్టిద్దాం, పన్నెండు శాతం ఇస్తామంటే జనం వాళ్లే వస్తారు, పేరులో బ్యాంకు అని కూడా తగిలించుకోవచ్చు అన్నాడు. అలా చేయొచ్చా, ఏ చట్టం కింద పెట్టాలి, మొదట్లో ఎంత డబ్బు కావాలి అని అడిగారు.

ఆయన చెప్పింది చేయొద్దు. మీ ఆలోచన మాత్రం వదలొద్దు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో సహకార సంఘాల లెక్కలు చూస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది. సంఘం పుస్తకాలు తెరవగానే నేను మొదట చూసేది లాభం కాదు, అప్పుగా ఇచ్చిన డబ్బు ఎక్కడినుంచి వచ్చిందీ అని. అప్పు తీసుకునేవాడూ పొదుపు చేసేవాడూ ఒకే మనుషులైతే ఆ సంఘం చిన్నదైనా నిలబడుతుంది. డబ్బు బయటివాళ్లది, అప్పు లోపలివాళ్లది అయితే అది ఎంత పెద్ద బోర్డు పెట్టుకున్నా నాకు భయమే, ఎందుకంటే అక్కడ వసూలు గట్టిగా చేయాలన్న బాధ ఎవరికీ ఉండదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు, ఈ సహకార ఉద్యమం పుట్టినచోటే తేలిన విషయం. జర్మనీలో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజన్ అని ఒక పల్లెటూరి మేయరు ఉండేవాడు. 1846-47 కరువులో ఊళ్లో కలిగినవాళ్ల దగ్గర డబ్బు పోగుచేసి పేదలకు రొట్టెలు అప్పుమీద ఇప్పించాడు. ఆ తర్వాత ఆయన పెట్టిన రెండు మూడు సంఘాలూ అదే బాపతు, డబ్బు ధనికులది, అప్పు పేదవాళ్లది. పెట్టినవాళ్ల ఉత్సాహం తగ్గగానే అవీ నీరుగారిపోయాయి. అప్పుడు 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ అనే ఊళ్లో పద్ధతే మార్చేశాడు. అప్పు కావాల్సినవాడే సభ్యుడు, సంఘం బాకీకి సభ్యులందరూ ఉమ్మడిగా పూచీ, ఒకరినొకరు ఎరిగిన చిన్న ప్రాంతం దాటకూడదు, పాలకవర్గంలో ఉన్నందుకు జీతం లేదు. ఆ పద్ధతే ప్రపంచమంతా పాకింది. అదే దేశంలో పట్నాల్లో చేతిపనులవాళ్లు, చిన్న వ్యాపారుల కోసం షుల్జ్-డెలిట్ష్ అనే జడ్జి 1850లోనే పరపతి సంఘం పెట్టాడు. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది నిజానికి ఈయన పద్ధతి. వాటా ధనం సభ్యుడే కట్టాలి, అదీ కొద్దికొద్దిగా, ప్రభుత్వం దగ్గర చెయ్యి చాచకూడదు అని పట్టుబట్టిన మనిషి. ఇక కెనడాలో అల్ఫోన్స్ డెజార్డాన్ 1900 డిసెంబరులో లెవీ అనే ఊళ్లో పెట్టిన సంఘం 1901 జనవరిలో వసూళ్లు మొదలుపెడితే మొదటి డిపాజిట్ పది సెంట్లు, ఆ రోజు మొత్తం వసూలు 26 డాలర్ల 40 సెంట్లు. మొదట్లో ఎంత డబ్బు కావాలి అని అడిగారు కదా, అందుకని చెప్తున్నా.

మన దగ్గరికి వస్తే, మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారితో ఈ సంగతంతా అధ్యయనం చేయించింది. 1895లో, 1897లో రెండు సంపుటాలు ఇచ్చి, చివరికి సారాంశంగా ఆయన చెప్పింది రైఫైజన్ లాంటి మనిషిని వెతకండి అని. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. పదిమంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చన్నారు. 1912 చట్టంతో పరపతి ఒక్కటే కాకుండా మిగతా రకాల సంఘాలకూ, వీటన్నిటికీ పైన ఉండే కేంద్ర బ్యాంకులకూ దారి దొరికింది. కానీ మనిషిని వెతకమన్న మాట పక్కకుపోయి రిజిస్ట్రారు, అంటే సంఘాలను నమోదు చేసి అజమాయిషీ చేసే ప్రభుత్వ అధికారి, మిగిలాడు. సంఘాలు పైనుంచి పెట్టారు, అప్పు కూడా పైనుంచే దిగింది. 1951-52లో రిజర్వు బ్యాంకు సర్వే చేస్తే, రైతులు తెచ్చుకున్న అప్పులో సహకార సంఘాల వాటా 3 శాతమే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం వడ్డీ వ్యాపారులదే. దానికి మందుగా 1954 నివేదిక సూచించింది ప్రభుత్వమే వాటాదారు కావాలని. డబ్బు వచ్చింది, దాంతోపాటు పెత్తనమూ వచ్చింది. ఎన్నికల ముందు మాఫీ మాట వినపడగానే కట్టే స్తోమత ఉన్నవాడు కూడా ఆగిపోవడం మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. 1990 మాఫీ తర్వాత వాయిదా తప్పడం తప్పు కాదన్న భావన వచ్చేసింది. ఇప్పటికీ చూడండి, మన రాష్ట్రంలో ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి, ఆ తర్వాత పొడిగింపులు, నామినేటెడ్ కమిటీలతోనే బండి లాగుతున్నారు. రైతు వాటా కట్టిన సంఘానికి ప్రెసిడెంటు ఎవరో రైతు నిర్ణయించడం లేదు. నాకు దీనిమీద చాలా బాధ ఉంది, అది ఇక్కడితో ఆపుతా.

చట్టం సంగతి. మీ ముందు మూడు దారులు ఉన్నాయి. మల్టీ స్టేట్ అంటే 2002 కేంద్ర చట్టం. దాని కింద పెట్టాలంటే కనీసం రెండు రాష్ట్రాల నుంచి, ఒక్కో రాష్ట్రానికి యాభై మంది చొప్పున సభ్యులుండాలి. నలభై మంది ఆటోనగర్ మెకానిక్కులకు దాంతో పనే లేదు, మీకు తెలిసినాయన ఆ మాట ఎత్తాడంటే ఆయన లెక్కలో మీరు సభ్యులు కాదు, బోర్డు మీద పేర్లు మాత్రమే. రెండోది 1964 ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం. దాంట్లో మొండి బాకీల వసూలుకు శాఖ అధికారాలు ఉపయోగపడతాయి, కాదనను, కానీ ఎన్నికలు, ఆడిట్, పాలకవర్గం రద్దు అన్నిట్లో ప్రభుత్వం చెయ్యి ఉంటుంది. మూడోది 1995 చట్టం, పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, అందరూ మ్యాక్స్ అంటారు. ప్రభుత్వ వాటా ధనం ఉండదు, ప్రభుత్వం పాలకవర్గాన్ని తీసేసి తన మనిషిని కూర్చోబెట్టలేదు, మీ బైలాస్, అంటే సంఘం నియమావళి, మీరే రాసుకుంటారు. వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది ఉంటే చాలు. మీకు ఇదే సరైనది. అయితే స్వేచ్ఛతో పాటు బరువు కూడా మీదే: నష్టం వస్తే సభ్యులే పూడ్చుకోవాలి, ఏటా మహాజన సభ, అంటే సభ్యులందరి సభ, పెట్టకపోయినా, ఆడిట్ అయిన లెక్కలు సభ ముందు ఉంచకపోయినా, గడువులోపు ఎన్నికలు జరపకపోయినా డైరెక్టర్లు, అంటే పాలకవర్గ సభ్యులు, పదవికి అనర్హులవుతారు. ఈ చట్టం వచ్చినప్పుడు చాలామంది దీన్ని ప్రభుత్వ తలనొప్పి లేని చట్టంగానే చూశారు, రెండో సగం చదవలేదు.

బ్యాంకు అన్న పేరు గురించి. పెట్టకూడదు. రిజర్వు బ్యాంకు లైసెన్సు లేకుండా ఏ సహకార సంఘమూ తన పేరులో బ్యాంకు, బ్యాంకింగ్ అన్న మాటలు వాడకూడదు. 2020లో చట్టం సవరించాక ఇది ఇంకా కచ్చితమైంది, 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు దీనిమీద ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన కూడా ఇచ్చింది. లైసెన్సు ఉన్న అర్బన్ బ్యాంకులో, అంటే పట్టణ సహకార బ్యాంకులో, ఐదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది, మీ సంఘంలో ఉండదు. ఇది మీ సభ్యులకు మొదటి రోజే చెప్పండి, దాచొద్దు.

బయటి డిపాజిట్లు కూడా అంతే. సభ్యులు కానివాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకోవడానికి మీకు హక్కు లేదు, పైగా నియంత్రణ లేని డిపాజిట్ పథకాల మీద 2019లో వచ్చిన నిషేధ చట్టం కింద జైలు శిక్ష దాకా వెళ్తుంది. ఇక్కడ ఆయన మీకో ఉపాయం చెప్తాడు చూడండి, వచ్చినవాడినల్లా నామమాత్రపు సభ్యుడిగా రాసుకుంటే సరిపోతుంది అని. హైదరాబాద్‌లో మ్యాక్స్ కింద మొదలై మల్టీ స్టేట్‌గా మారిన ఒక సంఘం సరిగ్గా ఇలాగే చేస్తే, 2017లో సుప్రీంకోర్టు, నామమాత్రపు సభ్యుల దగ్గర డిపాజిట్లు తీసుకుని బయటివాళ్లతో వ్యాపారం చేస్తున్న దీన్ని సహకార సంఘంగా చూడలేమని పన్ను మినహాయింపు కాదంది.

గుంటూరులో ఒక సంఘం ఉండేది, పేరు వద్దు. మిర్చి యార్డు చుట్టుపక్కల చిన్న కమీషన్ వ్యాపారులు, హమాలీలు కలిసి మొదలుపెట్టారు, మొదటి నాలుగైదేళ్లు ముచ్చటగా నడిచింది. తర్వాత ఎవరో ఏజెంట్లను పెట్టారు. రోజూ వచ్చిపడే డబ్బు చూసి పాలకవర్గానికి కళ్లు తిరిగాయి. ఎక్కువ వడ్డీ ఇస్తామని తెచ్చిన డబ్బు కదా, దాన్ని ఊరికే ఉంచలేరు, పెద్ద పెద్ద అప్పులు ఇవ్వాలి. పెద్ద అప్పు అడిగేది హమాలీ కాదు, అధ్యక్షుడి బంధువులు, స్థలాల వ్యాపారం చేసేవాళ్లు. నేను లెడ్జరు చూసేటప్పటికి పాత సభ్యుల అప్పులన్నీ వాయిదాల ప్రకారం కడుతూనే ఉన్నారు, నిలిచిపోయినవి ఆ కొద్దిమందివే. ఆ కొద్ది ఖాతాల్లోనే సంఘం మొత్తం మునిగింది. హమాలీల పొదుపు కూడా దాంతోనే పోయింది. వాళ్లు ఆఫీసు మెట్ల మీద పాస్‌బుక్కులు పట్టుకుని కూర్చోవడం చూశాను కాబట్టే మీకు ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇక లెక్కలోకి వద్దాం, మీకు అసలు కావాల్సింది ఇది. నలభై మంది నెలకు 500 చొప్పున కడితే నెలకు 20,000. ఏడాది చివరికి 2,40,000. కానీ ఏడాది పొడుగునా అంత డబ్బు చేతిలో ఉండదు, నెలనెలా పెరుగుతూ పోతుంది కాబట్టి సగటున 1,30,000 అనుకోండి. దాంట్లో ఐదో వంతు అత్యవసరానికి బ్యాంకులో ఉంచి మిగతా 1,04,000 నూటికి రూపాయి వడ్డీకి సభ్యులకే తిప్పితే ఏడాదికి వచ్చే వడ్డీ 12,480. పొదుపు మీద సభ్యులకు ఆరు శాతం ఇస్తే 7,800 పోతుంది. మిగిలేది 4,680. దీంట్లోనే ఆడిట్ ఫీజు, పుస్తకాలు, స్టాంపులు, రిజర్వు ఫండు. అంటే మొదటి ఏడాది ఆఫీసు అద్దె లేదు, జీతగాడు లేడు, కంప్యూటర్ లేదు, ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీలు లేవు. ఎవరో ఒకరి షెడ్డులో కూర్చోవాలి, లెక్కలు తెలిసిన సభ్యుడొకరు ఉచితంగా రాయాలి. ఇది చూసి నిరుత్సాహపడొద్దు, ఇంకో వైపు నుంచి చూడండి. మీలో ఒకరు 50,000 బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 18,000 వడ్డీ. ఇక్కడ రూపాయి వడ్డీకి 6,000, అసలు కొంచెం కొంచెం తీరుస్తూ వస్తే ఇంకా తక్కువ. సంఘానికి మిగిలింది 4,680 అయినా ఆ ఒక్క సభ్యుడి ఇంట్లో మిగిలింది 12,000. పరపతి సంఘం లాభం బ్యాలెన్స్ షీట్‌లో వెతకకూడదు, సభ్యుడి ఇంట్లో వెతకాలి. విజయవాడలో ఈ మాట ఎక్కువ వివరించనక్కర్లేదనుకుంటా, 2015 డిసెంబరులో కాల్ మనీ, అంటే అడిగిన వెంటనే కట్టాలన్న షరతు మీద ఇచ్చే అధిక వడ్డీ అప్పుల, వ్యవహారం బయటపడినప్పుడు వడ్డీ పేరుతో కుటుంబాలను ఏం చేశారో ఊరంతా చూసింది.

రుణం ఎంత ఇవ్వాలి అంటే, పొదుపుకు మూడు రెట్లు దాటొద్దు. పైన చెప్పిన 50,000 అప్పు అందేది పొదుపు అందుకు తగ్గట్టు పెరిగాకే. మొదటి ఆరు నెలలు అసలు అప్పే ఇవ్వొద్దు, కట్టడం అలవాటు కానివ్వండి. పైన వేసిన లెక్క ఏడాది పొడుగునా అప్పులు తిరిగితే వచ్చేది, ఆరు నెలలు ఆపితే మొదటి ఏడాది వడ్డీ ఇంకా తగ్గుతుంది. నెలకు ఒక తేదీ పెట్టుకోండి, ఆ తేదీ వర్షం వచ్చినా పండగ వచ్చినా మారకూడదు. డబ్బు ఇంటికెళ్లి వసూలు చేయొద్దు, ఫోన్‌పేలో వేసేసి రాకుండా ఉండటం కూడా అలవాటు చేయొద్దు, మనిషి రావాలి. అందరి ముందు కట్టాలి, అందరి ముందు పాస్‌బుక్కులో రాయాలి, చివర్లో చిట్టా మూసి ఈ రోజు వసూలు ఇంత, అప్పుగా ఇచ్చింది ఇంత, నగదు నిల్వ ఇంత, బ్యాంకులో ఇంత అని గట్టిగా చదవాలి. చదివాక అక్కడే కూర్చున్న ఎవరో ఒక సభ్యుడు, ప్రతిసారీ వేరే మనిషి, డబ్బు లెక్కపెట్టి కింద సంతకం పెట్టాలి. ఆ మనిషి అధ్యక్షుడు గానీ కోశాధికారి గానీ కాకూడదు. ఈ ఒక్క పని చేసే సంఘంలో డబ్బు మాయం కావడం నేను చూడలేదు. నగదు మర్నాడే బ్యాంకులో పడాలి, ఇద్దరి సంతకాలు లేకుండా బయటికి రాకూడదు. ఇరవై వేలు, అంతకు మించిన డిపాజిట్లు నగదుగా తీసుకోవద్దు, ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

అప్పు దరఖాస్తు కూడా సభలోనే చదవాలి. ఎందుకు, ఎంత, ఎన్ని వాయిదాలు, ఇద్దరు హామీదార్లు ఎవరు. గుట్టుగా ఇచ్చే అప్పు గుట్టుగానే మునుగుతుంది. ఆడపిల్ల పెళ్లి, ఆసుపత్రి లాంటి విషయాలు అందరిలో చెప్పుకోవడానికి మొహమాటపడతారు, నిజమే, అలాంటప్పుడు కారణం చదవకండి, మొత్తం మాత్రం చదవండి. పాలకవర్గంలో ఉన్నవాళ్లకు అప్పు మామూలు సభ్యులు ఇవ్వాలి, వాళ్లు కాదు. అంటే ఆ దరఖాస్తు మహాజన సభకు పోవాలి, అడిగినవాడు బయటికి వెళ్లాలి. వాయిదా తప్పిన డైరెక్టర్ ఆటోమేటిగ్గా పదవి కోల్పోతాడని బైలాస్‌లో రాయండి. నెలలు కూడా రాయండి, మూడు నెలలు అంటే మూడు నెలలే.

ఇక్కడ మీ ప్రశ్నలో లేని విషయం ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మీ నలభై మందిలో షెడ్డు ఓనర్లు ఎంతమంది, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు ఎంతమంది? ఓనరు అప్పు తీసుకుంటూ తన హెల్పర్‌ని హామీ సంతకం పెట్టమంటే ఆ కుర్రాడు కాదనగలడా? వాయిదా తప్పితే అడగగలడా? ఓనరు అధ్యక్షుడైతే హెల్పర్ సభలో నోరు తెరుస్తాడా? ఒక మనిషికి ఒక ఓటు అని కాగితం మీద ఉంటుంది, కానీ తెల్లారితే ఆయన షెడ్డులోనే పని. రెండు సంఘాలు పెట్టుకోండి అని చెప్పడం తేలిక, నలభై మందిని చీలిస్తే రెండూ బలహీనం అవుతాయి. నా సలహా ఏంటంటే, ఒకే షెడ్డువాళ్లు ఒకరికొకరు హామీ ఉండకూడదని రాసుకోండి, పాలకవర్గంలో సగం సీట్లు పనివాళ్లకు బైలాస్‌లోనే కేటాయించండి, నెల పొదుపు అందరికీ సమానంగా ఉంచండి, ఓనరు ఐదు వేలు కడతానన్నా వద్దనండి. ఎక్కువ కట్టినవాడి మాటకు ఎక్కువ విలువ వచ్చేస్తుంది, అది ఆపలేం. దీనికి ఓనర్లు ఒప్పుకోకపోతే, పనివాళ్లు ఇరవై మందే అయినా సరే విడిగా మొదలుపెట్టడం మంచిది.

రిజిస్ట్రేషన్‌కు తొందరపడొద్దు. ఈ నెల అందరూ కూర్చుని తీర్మానం రాసుకోండి, ముగ్గురి పేర్ల మీద బ్యాంకు ఖాతా తెరిచి ఆరు నెలలు కట్టి చూడండి. ఈ ఆరు నెలల్లో నలభై మందిలో పది మంది జారిపోతారు, పోనివ్వండి, బతిమాలి తేవొద్దు. మిగిలినవాళ్లతో బైలాస్ ఒక్కో అంశం చదివి చర్చించి రాయండి. పక్క సంఘం బైలాస్ తెచ్చి పేరు మార్చి జిరాక్స్ తీయించే అలవాటు మన దగ్గర బాగా ఉంది, దానివల్ల తగాదా వచ్చిన రోజే సభ్యులు వాటిని మొదటిసారి చదువుతారు. అవి, సభ్యుల జాబితా, తీర్మానం, సంతకాలు తీసుకుని జిల్లా సహకార అధికారి కార్యాలయానికి వెళ్లండి. మ్యాక్స్ కింద వాళ్లు రిజిస్టర్ చేయాలి, లేదంటే ఎందుకు చేయలేదో కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, నోటి మాటతో తిప్పితే ఆ కాగితం అడగండి.

బైలాస్‌లో రుణాలు, హామీలు, వాయిదా తప్పినప్పుడు ఏం చేయాలి అన్న భాగం రాశాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. సభ్యుల్లో ఓనర్లెవరో పనివాళ్లెవరో కూడా రాయండి, అది తెలియకుండా హామీల సంగతి చెప్పలేను.